పార్కుకు రానివాళ్లను కూడా అడగండి: నగర వినోద సౌకర్యాలు, అధికారుల సమాచారంపై ప్రజాభిప్రాయ సేకరణకు సమగ్ర మార్గదర్శి

సాయంత్రం పూట పార్కు గేటు దగ్గర నిలబడి, బయటికి వస్తున్నవాళ్లను "పార్కు ఎలా ఉందండీ?" అని అడిగితే ఏం చెబుతారో ముందే తెలుసు. "బాగానే ఉందండీ" అంటారు. నచ్చింది కాబట్టే వాళ్లు రోజూ వస్తున్నారు. నచ్చనివాళ్లు ఆ గేటు దగ్గర మీకు కనిపించరు.

నేను పాలుపంచుకున్న మొదటి సర్వేలో మేం సరిగ్గా ఇలాగే చేశాం. వారం పాటు గేటు దగ్గర ఫారాలు నింపించి, జనం తృప్తిగా ఉన్నారని నివేదిక రాసిచ్చాం. కొన్నాళ్లకు పార్కు ఎదురింట్లో ఉండే పెద్దావిడ మాటల్లో అసలు సంగతి చెప్పారు. ఆవిడ ఆ గేటు దాటి చాలా కాలమైందట. "లోపల మరుగుదొడ్డికి ఎప్పుడు చూసినా తాళమే. నా వయసుకి అది లేకుండా గంటసేపు ఎలా ఉంటాను బాబూ?" అన్నారు. చుట్టుపక్కల వీధుల్లో ఇంకెంతమంది ఇదే కారణంతో ఇంట్లో ఉండిపోయారో మా నివేదికలో లేదు. మేం వాళ్లను అడగనే లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ మార్గదర్శి రాయడానికి కారణం కూడా అదే.

పార్కులు, ఆటస్థలాలు, ఈత కొలనులు, జిమ్‌లు, వాకింగ్ ట్రాకులు, గ్రంథాలయాలు, కమ్యూనిటీ హాళ్లు – వీటన్నిటినీ కలిపి ఇక్కడ వినోద సౌకర్యాలు అంటున్నాను. వాటి గురించి నగర పాలక సంస్థ జనానికి ఏం చెబుతోంది, జనం చెప్పింది ఎంతవరకు వింటోంది అన్నది రెండో సగం. ఈ రెండింటినీ విడదీసి సర్వే చేయడం నాకు నచ్చదు. సౌకర్యం ఉండి దాని సంగతి తెలియకపోయినా, అసలు సౌకర్యమే లేకపోయినా, ఇంట్లో కూర్చున్న మనిషికి తేడా ఏమీ ఉండదు. మీరు అధికారి అయినా, కాలనీ సంఘం తరఫున పనిచేస్తున్నా, విద్యార్థి అయినా పద్ధతి ఒకటే.

మొదటి అడుగు: ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారో రాసుకోండి

ఫారం తయారు చేయకముందే ఒక కాగితం తీసుకుని ఒకే వాక్యం రాయండి: "ఈ జవాబులు చూసి ఫలానా అధికారి, ఫలానా తేదీలోపు, ఫలానా విషయం తేలుస్తారు." ఈ వాక్యంలో ఖాళీలు నింపలేకపోతే సర్వే మొదలుపెట్టకండి. జనం తమ సమయం ఇచ్చి చెప్పిన మాట బీరువాలో పడితే, తర్వాత నిజంగా అవసరమై అడిగినప్పుడు ఎవరూ తలుపు తీయరు.

ఎప్పుడు అడగాలి అన్నదానికి బ్రిటన్‌లో 1985లో వచ్చిన ఒక కోర్టు తీర్పు చక్కటి కొలమానం. లండన్‌లోని బ్రెంట్ స్థానిక సంస్థ పాఠశాలల విషయంలో చేసిన సంప్రదింపుల మీద వచ్చిన కేసు అది. గన్నింగ్ సూత్రాలు అని పిలిచే నాలుగు నియమాలు అందులోంచి వచ్చాయి. ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే జనాన్ని అడగాలి. ఆలోచించి చెప్పడానికి సరిపడా వివరాలు ఇవ్వాలి. తగినంత సమయం ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాలను నిర్ణయం తీసుకునేవాళ్లు మనసుపెట్టి పరిశీలించాలి. 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు కూడా వీటిని సమర్థించింది. మీ నగరం ఏ దేశంలో ఉన్నా ఈ నాలుగూ పనికొస్తాయి. టెండర్లు పిలిచేశాక "ఈత కొలను ఎక్కడ కడదాం?" అని అడగడం మొదటి నియమాన్నే తప్పడం.

జనం చేతికి ఎంత అధికారం ఇస్తున్నారో కూడా ముందే తేల్చుకోండి. అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం ఆ నిచ్చెన మధ్యలో ఉంటాయి. నిర్ణయాధికారంలో వాటా ఇవ్వడం పైమెట్లలో ఉంటుంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో పౌరుల సభలే బడ్జెట్‌లో ఏ పనికి ముందు డబ్బు పెట్టాలో చర్చించి తేల్చే పద్ధతి మొదలుపెట్టింది. మీరు అంతదూరం వెళ్లలేకపోవచ్చు, అందులో తప్పులేదు. "మీ అభిప్రాయం తీసుకుంటాం, తుది నిర్ణయం మాత్రం కౌన్సిల్‌దే" అని ఫారం పైనే రాయండి. "మీరే నిర్ణేతలు" అని రాసి తర్వాత వేరే పని చేస్తే ఆ కోపం చాలాకాలం ఉంటుంది.

రెండో అడుగు: ఉన్నవాటి జాబితా

ప్రతి సౌకర్యానికీ ఒక వరుస రాయండి. ఏమేం ఉన్నాయి, వాటిలో ఏవి పనిచేస్తున్నాయి, తెరిచే వేళలు ఏమిటి, చక్రాల కుర్చీతో లోపలికి వెళ్లగలరా, రాత్రి లైట్లు వెలుగుతున్నాయా, మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయా. రికార్డులో చూసి నింపకండి, వెళ్లి చూసి నింపండి. రికార్డులో మరుగుదొడ్డి ఉంటుంది, దాని తలుపుకున్న తాళం ఉండదు.

దూరం కూడా కొలవండి. ఇంటికి దాదాపు 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు నుంచి 1 హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం సూచిస్తోంది. మ్యాపు మీద గీసిన గీత కాకుండా, నడిచే దారిని లెక్కలోకి తీసుకోండి. మధ్యలో దాటలేని పెద్ద రోడ్డు ఉంటే ఆ 300 మీటర్లూ చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు చాలా దూరం.

మూడో అడుగు: ఎవరిని అడగాలి

ఎక్కువ సర్వేలు చెడిపోయేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎంత ఎక్కువమందిని అడిగితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి ఆల్ఫ్రెడ్ ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్, కార్లు ఉన్నవాళ్ల, అంటే ఆ రోజుల్లో కాస్త డబ్బున్నవాళ్ల, జాబితాల నుంచి. పైగా కార్డు వచ్చినవాళ్లలో పట్టుదల ఉన్నవాళ్లే తిరిగి పంపారు. చాలా తక్కువమందిని అడిగిన జార్జ్ గాలప్ ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పగలిగాడు.

ఫోన్‌లో గ్రూపులకు పంపే లింకు మన కాలపు టెలిఫోన్ జాబితా. అది చేరేది గ్రూపులో ఉన్నవాళ్లకి, నింపేది కోపం ఉన్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. లింకు పంపొద్దని నేను అనడం లేదు. దాని ఫలితాన్ని "నగరవాసుల అభిప్రాయం" అని మాత్రం పిలవకండి.

సరైన దారి, ఇళ్ల జాబితా నుంచి ఎవరి ఇష్టాయిష్టాలూ లేకుండా ఎంచుకోవడం. 20,000 ఇళ్లు ఉన్న ప్రాంతం అనుకుందాం. 400 జవాబులు మీకు కావాలి. అడిగినవాళ్లలో సగంమందే జవాబిస్తారని అనుకుంటే 800 ఇళ్లు ఎంచుకోవాలి. 20,000ను 800తో భాగిస్తే 25. ఒకటి నుంచి 25 వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. 7 వచ్చిందనుకోండి, జాబితాలో 7వ ఇల్లు, 32వ ఇల్లు, 57వ ఇల్లు... ఇలా ప్రతి 25వ ఇంటికీ వెళ్లాలి. పక్కింటివాళ్లు పలకరించి రమ్మన్నారని అక్కడికి వెళ్లకూడదు. తాళం ఉంటే వేరే రోజు, వేరే వేళలో కనీసం రెండుసార్లు మళ్లీ వెళ్లాలి. పగలు తాళం ఉండేది పనికి వెళ్లేవాళ్ల ఇళ్లకే. వాళ్లను వదిలేస్తే, సాయంత్రాలూ సెలవు రోజులూ తప్ప పార్కుకు రాలేనివాళ్ల మాట మొత్తం పోతుంది.

400 ఎందుకు? ఇలా ఎంచుకున్న 400 మంది జవాబుల్లో వచ్చే శాతం, నగరం మొత్తాన్ని అడిగితే వచ్చే శాతానికి నూటికి 95 సార్లు 5 శాతం అటూఇటూగా ఉంటుంది. 1,000 మందిని అడిగితే ఆ తేడా 3 శాతానికి తగ్గుతుంది. 100 మందైతే 10 శాతం. నగరంలో 20 వేల ఇళ్లున్నా 2 లక్షల ఇళ్లున్నా ఈ లెక్క పెద్దగా మారదు. చిన్న చోట్ల మాత్రం కొంత తగ్గించుకోవచ్చు. 2,000 ఇళ్లుంటే 323 జవాబులు, 500 ఇళ్లుంటే 218 జవాబులు చాలు.

ఇంటికి వెళ్లాక ఎవరిని అడగాలి? తలుపు తీసినవాళ్లనే అడిగితే ప్రతిసారీ ఒకే రకం మనుషులు దొరుకుతారు. "మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఇటీవల ఎవరి పుట్టినరోజు అయింది?" అని అడిగి ఆ మనిషితోనే మాట్లాడండి. ఇది సర్వేలు చేసేవాళ్లు చాలాకాలంగా వాడుతున్న సులువైన పద్ధతి. "ఆవిడకేం తెలుసు, నన్నడగండి" అని ఇంటాయన ముందుకు రావచ్చు. మర్యాదగానే, "ఆవిడ మాటే కావాలండీ, రెండు నిమిషాలు" అని ఆగండి. దీనికి ఓపిక కావాలి. సర్వే నాణ్యత చాలావరకు ఆ రెండు నిమిషాల్లోనే తేలుతుంది.

పిల్లల దగ్గరికి వేరే దారిలో వెళ్లాలి. తల్లిదండ్రుల అనుమతితో, పాఠశాలలోనో గ్రంథాలయంలోనో, బొమ్మలు గీయించడం, మ్యాపు మీద ఇష్టమైన చోట, భయమేసే చోట చుక్కలు పెట్టించడం నాకు తెలిసిన మంచి మార్గాలు. వికలాంగులు, ఆ ఊరి ప్రధాన భాష రానివాళ్లు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు – ఈ వర్గాల నుంచి ఆరేడుగురి చొప్పున కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ మాటలను శాతాల్లో కలపొద్దు, విడిగా రాయండి.

నాలుగో అడుగు: అడగకుండా చూడండి

మనుషులు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడా ఉంటుంది. అది అబద్ధం కాదు. మనం ఎలా ఉండాలనుకుంటున్నామో అది మనకు ఎక్కువ గుర్తుంటుంది. "వారానికి ఐదు రోజులు నడుస్తాను" అన్నాయన నిజంగా అలాగే నమ్ముతాడు. అందుకే పార్కులో కూర్చుని లెక్క రాయాలి.

దీనికి సోపార్క్ అనే పద్ధతి ఉంది. థామస్ మెకెంజీ, డెబోరా కోహెన్ తదితర పరిశోధకులు తయారుచేసి 2006లో ప్రచురించారు. పార్కును చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, రోజులో వేర్వేరు వేళల్లో ఒక్కో భాగాన్నీ ఎడమ నుంచి కుడికి ఒకసారి చూస్తూ లెక్క రాస్తారు. ఆడవాళ్లెంతమంది, మగవాళ్లెంతమంది, పిల్లలా, టీనేజ్ వాళ్లా, పెద్దవాళ్లా, వృద్ధులా, కూర్చున్నారా, నడుస్తున్నారా, గట్టిగా వ్యాయామం చేస్తున్నారా. పేర్లు అడగరు, ఫొటోలు తీయరు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, చీకటిపడే ముందు – రోజుకు నాలుగుసార్లు, పని రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ చేస్తే మంచి చిత్రం వస్తుంది.

ఈ లెక్కల్లో ఎవరు కనిపించడం లేదన్నది నేను మొదట చూస్తాను. 1970లలో న్యూయార్క్‌లో జనం వచ్చి కూర్చునే బహిరంగ స్థలాలను కెమెరాలతో గమనించిన విలియం వైట్, ఒక చోట ఆడవాళ్ల వాటా మామూలుకన్నా బాగా తగ్గిందంటే అక్కడ ఏదో లోపం ఉన్నట్టే అని తేల్చారు. వియన్నా నగరంలో 1996–97లో జరిగిన అధ్యయనంలో, తొమ్మిదేళ్లు దాటాక పార్కులకు వచ్చే ఆడపిల్లల సంఖ్య బాగా పడిపోతోందని, మగపిల్లల సంఖ్య అలాగే ఉంటోందని బయటపడింది. స్థలం కోసం మగపిల్లలతో పోటీపడలేక వాళ్లు మెల్లగా తప్పుకుంటున్నారు. 1999లో ఆ నగరం ఐదో జిల్లాలోని రెండు పార్కులను మార్చడం మొదలుపెట్టింది. నడకదారులు పెంచింది, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టింది, పెద్ద ఖాళీ మైదానాన్ని మొక్కలతో చిన్న చిన్న చోట్లుగా విడగొట్టింది. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. ఆ పార్కుల గేటు దగ్గర నిలబడి ఎన్ని ఫారాలు నింపించినా, రావడం మానేసిన ఆ పిల్లల మాట వినిపించేది కాదు.

ఐదో అడుగు: సౌకర్యాల గురించి ప్రశ్నలు

మొత్తం పది నిమిషాల్లో అయిపోవాలి. చెప్పడానికి తేలికైనవి ముందు, వయసు, ఆదాయం లాంటివి చివర.

వాడకం గురించి అడిగేటప్పుడు "తరచుగా వెళ్తారా?" అనొద్దు. ఒకరి తరచు వేరు, ఇంకొకరి తరచు వేరు. "గత 30 రోజుల్లో ఈ పార్కుకు ఎన్నిసార్లు వెళ్లారు?" అని అడగండి. సున్నా అని వస్తే ఆ మనిషిని "ధన్యవాదాలు" అని పంపేయకండి, అసలు సర్వే అక్కడే మొదలవుతుంది. ఎందుకు వెళ్లలేదో ముందు వాళ్ల మాటల్లోనే చెప్పనివ్వండి, ఆ తర్వాత జాబితా చదవండి: దూరమా, సమయం కుదరలేదా, భయమా, రుసుమా, మరుగుదొడ్లా, తోడు లేకనా, ఆసక్తి లేకనా, ఉందనే తెలియకనా. జాబితా ముందే చదివితే అందులోంచే ఒకటి ఎంచుకుని ఊరుకుంటారు. ఆ పెద్దావిడ చెప్పిన కారణం మా ఫారంలో ఎక్కడా లేదు.

ఒక ప్రశ్నలో రెండు విషయాలు పెట్టకండి. "పార్కు శుభ్రంగా, భద్రంగా ఉందా?" అంటే శుభ్రంగా ఉంది గానీ రాత్రి భయమేస్తుంది అనేవాళ్లు ఏం చెప్పాలి? జవాబును నోటికందించే ప్రశ్న కూడా వద్దు. "కొత్తగా వేసిన అందమైన ట్రాక్ మీకు నచ్చిందా?" అన్నది ప్రశ్న కాదు, ప్రకటన. "ఔనా, కాదా" అని వదిలేస్తే చాలామంది మర్యాదకోసం ఔనంటారు. దానికి బదులు రెండు వైపులా సమానంగా మెట్లు ఇవ్వండి: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు, అస్సలు బాగాలేదు. 1932లో రెన్సిస్ లైకర్ట్ పరిచయం చేసిన ఐదు మెట్ల పద్ధతి ఇదే. పక్కన "తెలియదు" అని విడిగా ఒక గడి ఉండాలి. ఈత కొలను ఎప్పుడూ చూడని మనిషి "ఫర్వాలేదు" మీద టిక్కు పెడితే మీ లెక్క మొత్తం మధ్యకు జరిగిపోతుంది.

ఒక్కో విషయానికీ రెండు మార్కులు అడగండి. అది మీకు ఎంత ముఖ్యం, ఇప్పుడు అది ఎలా ఉంది. ఎందుకో ఎనిమిదో అడుగులో చెబుతాను.

కొత్తగా ఏం కావాలి అన్న ప్రశ్న దగ్గర జాగ్రత్త. "ఈత కొలను కావాలా?" అంటే ఎవరు వద్దంటారు? "మీ దగ్గర పది పాయింట్లు ఉన్నాయి. కొత్త ఈత కొలను, ఉన్న పార్కులకు లైట్లు, మరుగుదొడ్ల నిర్వహణ, గ్రంథాలయం వేళలు పెంచడం – వీటికి ఎలా పంచుతారు?" అని అడగండి. ఒకటి తీసుకుంటే ఇంకొకటి తగ్గుతుందని చేతిలో కనిపించినప్పుడు జనం చాలా బాధ్యతగా ఆలోచిస్తారు. నేను చూసిన ప్రతిచోటా మరమ్మతులకు వచ్చిన పాయింట్లు నన్ను ఆశ్చర్యపరిచాయి.

ఆరో అడుగు: సమాచారం గురించి ప్రశ్నలు

"నగర పాలక సంస్థ సమాచారం మీకు బాగా అందుతోందా?" అన్న ప్రశ్న ఎందుకూ కొరగాదు. అందని సమాచారం అందలేదని ఎవరికి తెలుస్తుంది? దానికి బదులు ఇటీవల జరిగిన ఒక నిజమైన సంగతి తీసుకోండి. "గత నెలలో ఈత కొలను మరమ్మతుల కోసం మూశారు. మీకు తెలుసా? ఎప్పుడు తెలిసింది – మూయకముందా, అక్కడికి వెళ్లి గేటు చూశాకా? ఎవరు చెప్పారు?" ఈ మూడు జవాబులతో నగరం మాట ఎంతదూరం వెళ్తోందో కళ్లకు కడుతుంది.

ఇక్కడ మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. మాట చేరలేదు. చేరింది గానీ అర్థం కాలేదు. అర్థమైంది గానీ నమ్మలేదు. మూడింటికీ మందు వేరు. చేరనప్పుడు దారి మార్చాలి: ఫోన్ సందేశం, గేటు దగ్గర బోర్డు, పాఠశాల ద్వారా కాగితం. అర్థం కానప్పుడు భాష మార్చాలి. నమ్మనప్పుడు దారి మార్చినా, భాష మార్చినా లాభం లేదు. ముందు చెప్పినవి చేసి చూపించాలి. చాలా కార్యాలయాలు మూడో జబ్బుకు మొదటి మందు వేస్తుంటాయి. జనం నమ్మడం లేదని కొత్త యాప్ తెస్తారు.

అర్థమవుతోందా లేదా అన్నది తేల్చడానికి సర్వే కూడా అక్కర్లేదు. ఏదైనా నోటీసు తీసుకుని, కార్యాలయంతో సంబంధం లేని ఐదుగురికి ఇవ్వండి. ఒకసారి చదివాక కాగితం తిప్పి పెట్టమని, మూడే అడగండి: ఏం జరగబోతోంది, ఎప్పుడు, మీరు ఏం చేయాలి. ఇద్దరు తడబడినా నోటీసు తిరగరాయాల్సిందే. "నిర్వహణాపరమైన కారణాల దృష్ట్యా తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ప్రవేశం నిలుపుదల చేయడమైనది" అని ఉన్నచోట "ఈత కొలను పంపు పాడైంది. బాగుచేస్తున్నాం. 15వ తేదీన తెరుస్తాం. ఆలస్యమైతే ఇదే బోర్డు మీద రాస్తాం" అని ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది. మీరు రెండు వాక్యాలూ మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండో వైపు, అంటే జనం నుంచి నగరానికి వెళ్లే మాట గురించి కూడా అడగాలి. గత ఏడాదిలో ఏదైనా ఫిర్యాదు చేయాలనిపించిందా? చేశారా? చేయకపోతే ఎందుకు చేయలేదు? చేస్తే, ఫిర్యాదు నంబరు ఇచ్చారా, జవాబు ఎన్ని రోజులకు వచ్చింది, పని అయిందా, కాకపోతే కారణం చెప్పారా? బ్రిటన్‌లో 2007లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సేవలో ఎవరైనా గుంతలు, వెలగని వీధిదీపాల గురించి మ్యాపు మీద గుర్తుపెట్టి చెబితే అది సంబంధిత స్థానిక సంస్థకు వెళ్తుంది, అందరికీ కనిపిస్తుంది కూడా. అలా కనిపించడమే దాని బలమని నా అభిప్రాయం. పక్కవీధివాళ్లు చెప్పిన సమస్య, దానికి వచ్చిన జవాబు చూసినప్పుడు మనకూ చెప్పాలనిపిస్తుంది.

"చేయాలనిపించింది కానీ చేయలేదు" అన్నవాళ్ల సంఖ్యను విడిగా గుండ్రం చుట్టి పెట్టండి. ఫిర్యాదులు తగ్గాయి కాబట్టి సమస్యలు తగ్గాయి అని ఎవరైనా అన్నప్పుడు చూపించడానికి పనికొస్తుంది. జనం అడగడం మానేసినా ఫిర్యాదులు తగ్గుతాయి.

ఏడో అడుగు: ముందు పదిమందితో, తర్వాతే అందరితో

ఫారం అచ్చు వేయించకముందు పదిమందితో నింపించి, పక్కన కూర్చుని వినండి. ఎక్కడ ఆగారో, ఏ మాటకు "అంటే?" అన్నారో రాసుకోండి. అక్కడ మార్చండి. ఇంటింటికీ వెళ్లేవాళ్లకు ఒక రోజు శిక్షణ ఇవ్వండి. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, జవాబు నచ్చినా నచ్చకపోయినా మొహంలో చూపకూడదు. వీలైతే ఇద్దరిద్దరుగా, ఒక ఆడమనిషి ఉండేలా పంపండి. కొత్తవాళ్లు తలుపు కొట్టారంటే ఇంట్లో ఉన్నవాళ్లకు టెన్షన్ సహజం. ఎవరు, ఎందుకు వచ్చారో చెప్పే చిన్న ఉత్తరం రెండు రోజుల ముందే అందితే సగం సమస్య తీరుతుంది.

పేరు, ఫోన్ నంబరు అడగాల్సిన అవసరం లేకపోతే అడగకండి. మళ్లీ మాట్లాడటానికి అవసరమైతే అవి వేరే కాగితం మీద ఉండాలి, జవాబులతో కలిపి కుట్టకూడదు. కార్యాలయాన్ని విమర్శించిన మనిషి పేరు ఆ కార్యాలయం చేతికి వెళ్తుందనే భయం ఉంటే, ఎవరూ మనసు విప్పరు.

ఎనిమిదో అడుగు: జవాబులను చదవడం

మొదట మీ జవాబులిచ్చినవాళ్లను జనాభా లెక్కలతో పోల్చండి. నగరంలో సగంమంది ఆడవాళ్లు అయితే మీ జవాబుల్లో వాళ్లు 30 శాతమే ఉన్నారనుకోండి. 50ని 30తో భాగిస్తే 1.67. ఒక్కో ఆవిడ జవాబునూ 1.67గా, ఒక్కో మగవారి జవాబునూ 50 బై 70, అంటే 0.71గా లెక్కించాలి. తూకం సరిచేయడం అంటే ఇదే. అయితే అసలు రానివాళ్లను ఏ లెక్కా తీసుకురాలేదు. ముగ్గురు వృద్ధుల జవాబులను 30 మందివిగా చూపిస్తే అది మోసమే అవుతుంది.

చిన్న ముక్కలుగా విడగొట్టేటప్పుడు తేడా ఎంత పెరుగుతుందో గుర్తుంచుకోండి. ఒక వార్డు నుంచి 50 మందే ఉంటే 14 శాతం అటూఇటూ. "ఈ వార్డులో 58 శాతం, ఆ వార్డులో 52 శాతం తృప్తి" అన్న పోలికకు అప్పుడు అర్థమే లేదు. చాలా తక్కువమంది ఉన్నచోట శాతాలు వేయకండి, "పన్నెండుమందిలో తొమ్మిదిమంది" అని రాయండి.

ఇప్పుడు ఆ రెండు మార్కుల సంగతి. 1977లో మార్టిల్లా, జేమ్స్ అనే ఇద్దరు ప్రతిపాదించిన పద్ధతిలో, ఎంత ముఖ్యం అన్నది నిలువుగా, ఎలా ఉంది అన్నది అడ్డంగా గీసి ప్రతి విషయాన్నీ ఒక చుక్కగా పెడతారు. చాలా ముఖ్యమై, బాగాలేనివన్నీ ఒక మూలకు చేరతాయి. ముందు పని చేయాల్సింది అక్కడే. ముఖ్యం కాకపోయినా చాలా బాగున్నవి ఎదురుమూలకు చేరతాయి, ఖర్చు తగ్గించుకోగలిగినవి ఉంటే అక్కడ ఉంటాయి. కాకపోతే ఒక మాట. చక్రాల కుర్చీకి ర్యాంపు "ముఖ్యం" అని చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే ఉంటారు, ఎందుకంటే అది అవసరమయ్యేవాళ్లు తక్కువ. అలాంటివాటిని ఈ గీతలమీద పెట్టి తేల్చకూడదు. కొందరికి అది సౌకర్యం, కొందరికి అది లేకపోతే తలుపు మూసినట్టే.

సొంత మాటల్లో వచ్చిన జవాబులను ఇద్దరు విడివిడిగా చదవాలి. మొదటి 50 చదివి విషయాల జాబితా తయారుచేసి, ఇద్దరి జాబితాలూ పోల్చి, తేడా ఉన్నచోట మాట్లాడుకుని, ఆ తర్వాత మిగతావి చదవాలి. శాతాల్లో ఇమడని వాక్యాలు కొన్ని ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు, పేరు లేకుండా నివేదికలో పెట్టండి. కౌన్సిల్ సభ్యులకు ఏ గ్రాఫూ గుర్తుండకపోవచ్చు, ఆ వాక్యాలు మాత్రం గుర్తుంటాయి.

తొమ్మిదో అడుగు: వెళ్లి చెప్పండి

సర్వే అయిన నెలలోపు, నిర్ణయాలు ఇంకా కాకపోయినా, "మీరు చెప్పింది ఇదీ" అని ఒక పేజీ బయటపెట్టండి. నిర్ణయాలు అయ్యాక రెండో పేజీ: ఏది చేస్తున్నాం, ఎప్పటిలోగా, ఎవరు బాధ్యులు. ఏది చేయడం లేదు, ఎందుకు. ఈ చివరి భాగం రాయడానికి అందరూ భయపడతారు. కానీ "డబ్బు సరిపోదు, ఈ ఏడాది లైట్లకు పెట్టాం, కొలను వచ్చే బడ్జెట్‌లో చర్చకు పెడతాం" అని సూటిగా చెబితే తిట్టేవాళ్లు కొందరున్నా, నమ్మేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. మౌనంగా ఉంటే ఆ నమ్మేవాళ్లు కూడా ఉండరు.

ఆ పేజీ వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోకండి. గేటు దగ్గర పెద్ద అక్షరాల్లో, పాఠశాలల్లో, గ్రంథాలయంలో, ఆరోగ్య కేంద్రంలో పెట్టండి. చదవలేనివాళ్ల కోసం ఆడియో చేసి ఫోన్‌లకు పంపండి. మీరు తలుపు తట్టిన ఆ 800 ఇళ్లకు, జవాబివ్వనివాళ్లతో సహా, కాగితం మీద పంపండి. ఏ సమస్య గురించి చెప్పారో ఆ చోటే జవాబు అంటించడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. మరుగుదొడ్డి తలుపు మీద "ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు తెరిచి ఉంటుంది. తాళం కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాసి ఉండాలి. ఆ నంబరుకు మీరే వారానికోసారి ఫోన్ చేసి, ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూడండి.

ఏడాది తిరిగాక అవే ప్రశ్నలు, అవే మాటల్లో, అదే నెలలో మళ్లీ అడగండి. కాలాన్ని బట్టి పార్కుల వాడకం మారుతుంది కాబట్టి నెల మారిస్తే పోలిక చెడుతుంది. కొత్తగా కలపాల్సింది ఒక్క ప్రశ్నే, దాన్ని ఫారంలో అన్నిటికన్నా ముందు పెట్టండి: "పోయినసారి ఇక్కడివాళ్లు చెప్పినవాటిలో ఏం జరిగిందో మీకు తెలుసా?"